టికెట్టు లేని మధ్యాహ్నం



ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మాకు వెంటనే గుర్తొచ్చింది గత ఏడాది వార్షికోత్సవం. ఆ రోజు మనలో చాలామందికి గుర్తుండేది పిల్లల నాటిక, పద్యాల పోటీ, చివర్లో ఆగిపోయిన మైకు. మాకు మాత్రం గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డ ఒక మనిషి గుర్తున్నాడు. భోజనాలు తెచ్చిన వ్యానుకు డ్రైవరు. గిన్నెలు దింపేశాడు, ఇక వెళ్ళిపోవచ్చు. అప్పుడే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వేదిక మీద వయొలిన్ మీద మోహన రాగం మొదలుపెట్టింది. ఆ పావుగంటా అతను కదలలేదు. లోపల చివరి వరుసలో పది కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మేము చూశాం. కానీ సౌండు సిస్టం గొడవలో ఉన్నాం, పట్టించుకోలేదు. కార్యక్రమం అయిపోయాక ఖాళీ గిన్నెలు ఎక్కిస్తున్నప్పుడు, "లోపలికొచ్చి కూర్చోవాల్సింది కదన్నా" అన్నాం. "ఇది ఫ్యామిలీలకు కద సార్. నేను ఆడనే మంచిగ విన్న" అన్నాడు. జగిత్యాల వైపు మనిషి. బండి స్టార్ట్ చేస్తూ, "మా నాయిన భజనమండలిల హార్మోనియం వాయించేటోడు సార్" అని చెప్పి వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు మేము.

ఈ ఏడాది కార్యవర్గ సమావేశంలో సంగీత కార్యక్రమం గురించి చర్చ వచ్చింది. దోహాలో పెద్ద హాలు తీసుకుని, ఇండియా నుంచి పేరున్న కళాకారుల్ని పిలిపించి, టికెట్టు పెడదామని కొందరు అన్నారు. "ఉచితంగా పెడితే విలువ ఉండదండీ" అని ఒక పెద్దాయన తేల్చేశారు. ఆయన మీద మాకు గౌరవమే. బడి మొదలైన నాటి నుంచి ఆయన చేసిన సేవ మనందరికీ తెలుసు. కానీ ఈ ఒక్క మాటతో మేము ఏకీభవించలేకపోతున్నాం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

శాండ్‌విచ్ తింటూ విన్న సంగీతం

ఖతర్ రాకముందు ఉద్యోగం పనిమీద కొన్నాళ్ళు లండన్‌లో ఉన్నాం. మధ్యాహ్న భోజన విరామంలో ఒకరోజు ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనున్న సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ అనే చర్చిలోకి, నిజం చెప్పాలంటే వాన తప్పించుకోవడానికి, వెళ్ళాం. 1726లో కట్టడం పూర్తయిన పాత చర్చి అది. లోపల నలుగురు కుర్రవాళ్ళు రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో పట్టుకుని కూర్చున్నారు. టికెట్టు అడిగినవాళ్ళు లేరు. మతం అడిగినవాళ్ళు లేరు. మా పక్కన ఒక సూటువాలా, అవతల ప్లాస్టిక్ సంచుల్లో సామానంతా పెట్టుకున్న ఒక ముసలాయన. ముక్కాలు గంటలో కచేరీ అయిపోయింది. గుమ్మం దగ్గర ఒక పళ్ళెం ఉంది. ఇష్టమున్నవాళ్ళు ఎంతో కొంత వేశారు, లేనివాళ్ళు దండం పెట్టినట్టు తలూపి వెళ్ళారు. రెండు గంటలకు మేము మళ్ళీ మా కంప్యూటర్ ముందున్నాం. ఆ సాయంత్రం దాకా ఎందుకో కోడ్‌లో తప్పులు కూడా కోపం తెప్పించలేదు!

లండన్‌లోనే కాదు, పాశ్చాత్య నగరాల్లో చాలాచోట్ల చర్చిల్లో ఇలాంటి మధ్యాహ్న కచేరీలు జరుగుతాయని తర్వాత తెలిసింది. దీని వెనక ఉన్న లెక్క చాలా సులభం. వారంలో ఎక్కువ సమయం ఖాళీగా ఉండే హాలు చర్చికి ఉంది. చదువు అప్పుడే పూర్తిచేసిన యువ కళాకారులకు వినేవాళ్ళు కావాలి. చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళకు ఒక గంట తీరిక ఉంది. ఈ మూడింటినీ ఎవరో కలిపారు, అంతే.

ఇలాంటి కచేరీల్లో చరిత్రకెక్కినవి ఆ చర్చికి ఎదురుగానే ఉన్న నేషనల్ గ్యాలరీలో జరిగాయి. 1939లో యుద్ధం మొదలవగానే లండన్‌లో కచేరీ హాళ్ళు మూతపడ్డాయి. బాంబుల భయంతో గ్యాలరీలోని చిత్రాలన్నీ వేరే చోట్లకు తరలించారు. గోడలు ఖాళీ. అప్పుడు మైరా హెస్ అనే పియానో విదుషీమణి, ఆ ఖాళీ గదుల్లో మధ్యాహ్నం పూట సంగీతం పెడదామని గ్యాలరీ డైరెక్టరు కెన్నెత్ క్లార్క్‌ను అడిగారు. 1939 అక్టోబరు 10న మొదటి కచేరీ. కాసిని మంది వస్తే చాలనుకుంటే వెయ్యి మంది దాకా వచ్చారట. అక్కడి నుంచి 1946 ఏప్రిల్ వరకు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొత్తం 1,698 కచేరీలు జరిగాయి. ఎనిమిది లక్షలకు పైగా జనం విన్నారు. బాంబులు పడే రోజుల్లో నేలమాళిగలోకి మార్చారు తప్ప ఆపలేదు.

ఇవి పూర్తిగా ఉచితం కాదు, ప్రవేశం ఒక షిల్లింగు. అంటే పౌనులో ఇరవయ్యో వంతు, ఎవరైనా ఇవ్వగలిగినంత. మాకు అంతకన్నా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. పేరున్న విద్వాంసులకైనా, కొత్తగా వచ్చినవారికైనా అక్కడ ఒకటే పారితోషికం, ఐదు గినీలు. హెస్ మాత్రం తన కచేరీలకు ఏమీ తీసుకోలేదు. ఆవిడ పేరు మీద అమెరికాలోని షికాగోలో 1977లో మొదలైన బుధవారం మధ్యాహ్న కచేరీలు వినేవారికి పూర్తిగా ఉచితం. వినేవాడికి ఉచితమంటే వాయించేవాడికి ఎగ్గొట్టడం కాదని వీటిని చూస్తే తెలుస్తుంది.

మనకు కొత్తేమీ కాదు

"అవన్నీ తెల్లవాళ్ళ పద్ధతులు" అంటారేమో. ఛేంబర్ మ్యూజిక్ అంటే ఏమిటి? ఒక గదిలో సరిపోయే సంగీతం. ముందు నిలబడి కర్ర ఊపే కండక్టరు ఉండడు. నలుగురో ఐదుగురో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తారు. మన కచేరీ కూడా ఇంతే కదా! గాత్రం, వయొలిన్, మృదంగం, వెనక తంబురా. వయొలిన్ విద్వాంసుడు గాయకుడి వెంట నడుస్తాడు, మృదంగం ఇద్దరినీ పట్టి ఉంచుతుంది. పిల్లలూ, మీకో సంగతి చెప్పమంటారా? మన త్యాగరాజస్వామి పుట్టింది 1767లో, బీథోవెన్ పుట్టింది 1770లో. ఒకరు కావేరి ఒడ్డున తెలుగులో కీర్తనలు కడుతున్న రోజుల్లోనే మరొకరు వియన్నాలో నాలుగు తీగవాద్యాలకు సంగీతం రాస్తున్నారు.

వయొలిన్ మాత్రం అక్కడి నుంచి మన దగ్గరికి వచ్చిందే. దాన్ని పూర్తిగా మనది చేసినవారిలో మన తెలుగువాడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ముఖ్యులు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు అక్కడ వయొలిన్ నేర్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1952లో జగత్ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు నాయుడుగారి వాదనం విని ముగ్ధుడయ్యాడు. అది జరిగింది పెద్ద హాల్లో కాదు, ఒక న్యాయమూర్తిగారి ఇంట్లో.

ఇక ఉచితం సంగతి. మన ఊళ్ళలో శ్రీరామనవమి పందిళ్ళకు టికెట్టు ఎప్పుడైనా చూశామా? చాపలు పరిచేవారు. చాప చాలకపోతే రోడ్డు మీద రిక్షా ఆపుకుని దాని మీదే కూర్చుని వినేవారు. ఆ రిక్షా అతనికి రాగం పేరు తెలియకపోవచ్చు. గాయకుడు పల్లవికి తిరిగొచ్చినప్పుడు తల మాత్రం సరిగ్గా సమం మీదే ఊగేది. మాలో చాలామందికి శాస్త్రీయ సంగీతం మొదట చెవిన పడింది అలాంటి పందిట్లోనే, పానకం గ్లాసు చేతిలో పట్టుకుని. టికెట్టు పెట్టి ఉంటే మా నాన్నల జీతాలకు మేము ఆ పందిరి దాకా వెళ్ళేవాళ్ళం కాదు.

తిరువయ్యారులో ప్రతి ఏటా పుష్య బహుళ పంచమి నాడు జరిగే త్యాగరాజ ఆరాధనకూ టికెట్టు లేదు. వేదిక ఎక్కేవారు డబ్బు తీసుకోరు. ఆ స్వామి సమాధి చోట ఈనాడు కనిపించే గుడిని 1920లలో తన సొంత సంపాదనతో కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మగారు. అప్పట్లో ఆడవాళ్ళను అక్కడ పాడనిచ్చేవారు కారు. గుడికి డబ్బు పెట్టిన మనిషికే పాడే హక్కు లేదు! ఆవిడ ఆడవాళ్ళతో వేరే బృందం కట్టి పాడించి, చివరికి 1940 ప్రాంతంలో అందరూ కలిసి పాడే రోజు తెచ్చారు. కాబట్టి టికెట్టు లేనంత మాత్రాన గుమ్మం అందరికీ తెరిచి ఉన్నట్టు కాదు. ఎవరిని లోపలికి రానిస్తున్నాం, ఎవరు తమంతట తామే బయట నిలబడుతున్నారు అని కూడా చూసుకోవాలి. మన వ్యాను డ్రైవరును ఎవరూ ఆపలేదు. అయినా అతను లోపలికి రాలేదు.

దూరదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇంకొక ఉదాహరణ. అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన పేరు వినే ఉంటారు. ఇప్పుడు పది రోజులకు పైగా జరిగే ఉత్సవం. 1978లో అది మొదలైంది ఒక చర్చి కింది అంతస్తులో, ఒక్కరోజు కార్యక్రమంగా. చోటు ఇచ్చింది చర్చి, పాడింది తెలుగు కీర్తనలు. ఎవరి నమ్మకానికీ నష్టం రాలేదు.

మన షమాల్‌లో

మనం ఉండే మదీనత్ అల్ షమాల్ దోహాకు వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఖతర్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా మొదటి కచేరీ 2008లో జరిగింది. కతారాలో ఆపెరా హౌస్ ఉంది. అదే కతారాలో 2011లో మ్యూజిక్ అకాడమీ తెరిచారు. ఇవన్నీ దోహాలోనే. అల్ షమాల్ రోడ్డు మీద గంటకు పైగా కారు నడిపేవాళ్ళకు అందుతాయి. కారు లేనివాళ్ళకు, శుక్రవారం ఒక్కటే సెలవున్నవాళ్ళకు అందవు. చర్చిల్లో పెడదామన్నా అవి కూడా దోహా శివార్లలో మెసైమీర్‌లోనే, ఒక ప్రత్యేక ప్రాంగణంలో ఉన్నాయి. ఇక్కడ మనకున్నది మన బడి హాలు ఒక్కటే.

ఈ ప్రాంతానికి సంగీతం కొత్త అనుకోకండి. మన పక్కనే ఉన్న జుబారా 18వ శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగిన రేవుపట్టణం. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు దిగే చోటే. ఈ తీరం నుంచి ముత్యాలకు వెళ్ళే పడవల్లో నహ్హామ్ అని ఒక పాటగాడు ఉండేవాడు. తెరచాప ఎత్తేటప్పుడు, తెడ్లు వేసేటప్పుడు అతను పాట అందుకుంటే మిగతావాళ్ళు వంత పాడేవారు. నెలల తరబడి ఇల్లు వదిలి సముద్రం మీద బతికే కూలీలకు ఆ పాటే తోడు. మన వరినాట్ల పాటలు, పడవవాళ్ళ హైలెస్సా పాటలు గుర్తురావడం లేదూ? ఇల్లు వదిలి వచ్చి పనిచేసే మనిషికి పాట కావాలని ఈ సముద్రతీరానికి మనకన్నా ముందే తెలుసు. ఇవాళ ఇళ్ళు వదిలి ఇక్కడ పనిచేస్తున్నవారిలో జగిత్యాల వాళ్ళూ, కడప వాళ్ళూ, గోదావరి జిల్లాల వాళ్ళూ ఉన్నారు.

మా ప్రతిపాదన

నెలకొక శుక్రవారం, అక్టోబరు నుంచి మార్చి దాకా, మొత్తం ఆరు కచేరీలు. జుమా నమాజు పూర్తయ్యాక ఒకటిన్నరకు మొదలు, రెండుంబావుకు ముగింపు. ఒకటిన్నర అంటే ఒకటిన్నరే! మన సభల్లో ఆరంటే ఏడున్నర అని అందరికీ తెలుసు. కానీ రెండున్నరకు డ్యూటీ ఉన్నవాడు మన ఆలస్యానికి ఆగలేడు.

ముఖ్య అతిథి ఉండరు. శాలువాలు, జ్ఞాపికలు, స్వాగతోపన్యాసాలు ఉండవు. రాగం పేరు, రాసినవారి పేరు చెప్పి మొదలుపెట్టడమే. మైకు వద్దు. మా హాలుకు మైకు అక్కర్లేదు, పక్కింటివాళ్ళకు ఇబ్బందీ ఉండదు. ఇక్కడి నిబంధనల ప్రకారం తీసుకోవలసిన అనుమతులు ముందే తీసుకుందాం. ముందు మన పిల్లలు ఒకరిద్దరు, తర్వాత పెద్దవాళ్ళు. ఒక నెల గాత్రం, ఒక నెల వీణ. ఇంకో నెల దోహాలో చెలో, వయొలిన్ నేర్చుకుంటున్న వేరే దేశాల పిల్లల్ని పిలుద్దాం. మన పిల్లలు ఆ నాలుగు వాద్యాల సంభాషణ కూడా వినాలి.

మధ్యాహ్నం కాబట్టి పులిహోర, పెరుగన్నం. వంతులవారీగా నాలుగు ఇళ్ళు వండితే చాలు. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెడదాం. ఎవరు వేశారు, ఎంత వేశారు అని ఎవరూ చూడరు. అందులో వచ్చినదానికి బడి నుంచి కొంత కలిపి, వాయించినవారందరికీ ఒకటే మొత్తం ఇద్దాం. పెద్ద కార్యక్రమానికి హాలు అద్దె, విమానం టికెట్లు, హోటలు కలిపి మేము వేసిన అంచనాలో చిన్న భాగంతోనే ఈ ఆరూ అయిపోతాయి. మిగిలినదానితో బడికి రెండు తంబురాలు, ఒక మంచి హార్మోనియం కొనవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, కాగితం మీద "అందరూ రావచ్చు, కుటుంబం ఉన్నా లేకపోయినా" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, కిరాణా కొట్లలో, మంగలి షాపుల్లో, క్యాంపుల దగ్గర అంటిద్దాం. గుమ్మం దగ్గర ఒక వాలంటీరు నిలబడి వచ్చినవారిని "రండన్నా" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. ఆ పని మేము చేస్తాం. గత ఏడాది చెయ్యలేదు కాబట్టి.

మూడు అభ్యంతరాలు

మొదటిది, ఉచితమైతే విలువ ఉండదు. లండన్ చర్చిలో మేము విన్నప్పుడు రెండు వందల మంది దగ్గు కూడా ఆపుకుని కూర్చున్నారు. టికెట్టు పెట్టిన మన సభల్లో వెనక వరుసలో సెల్‌ఫోన్లు మోగడం కూడా చూశాం. సమయానికి మొదలుపెట్టి, శ్రద్ధగా వాయించి, శ్రద్ధగా వింటే విలువ దానంతటదే వస్తుంది.

రెండోది, శాస్త్రీయ సంగీతం ఎవరికి అర్థమవుతుంది? వ్యాను డ్రైవరుకు పావుగంట సేపు అర్థమైంది. మాకు అది చాలు.

మూడోది మతం. మన బడికి అన్ని మతాల పిల్లలూ వస్తారు, కీర్తనలు దేవుడి పాటలు కదా అని ఒక తల్లి సున్నితంగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానాగారు నాదస్వర విద్వాంసులై శ్రీరంగంలో స్థిరపడ్డారు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు తెలుగు క్రైస్తవ కీర్తనలు రాస్తే వాటికి కూడా రాగం, తాళం ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కనిపిస్తాయి. అవీ పాడుకుందాం. ఎవరికి ఏ పాట దగ్గరైతే అది.

పిల్లలకు ఒక మాట

మీలో చాలామంది ఎనిమిదో తరగతికి రాగానే సంగీతం మానేస్తున్నారు. కారణం అడిగితే "చదువు" అంటారు, నిజమే. కానీ మాకు ఇంకొక కారణం కూడా కనిపిస్తోంది. మీరు నేర్చుకున్నది వాయించడానికి ఏడాదికి ఒక్క వార్షికోత్సవం, లేకపోతే మార్కులు వేసే పోటీ. ఆ రెండింటిలోనూ తప్పు పోతే తల కొట్టేసినట్టే. ముప్ఫై మంది పెరుగన్నం తింటూ వినే చోట తప్పు పోతే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అలా నెలకొకసారి మళ్ళీ మొదలుపెట్టే అవకాశం మీకు ఇవ్వలేకపోవడం మా పెద్దవాళ్ళ లోపం. ఆ రోజు మోహన వాయించిన అమ్మాయికి ఒక మాట. ముందు వరుసలో చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమంది వీడియో తీసే హడావిడిలో ఉన్నారు తల్లీ. నిన్ను పూర్తిగా విన్నవాడు గుమ్మం దగ్గరున్నాడు.

కార్యవర్గం ఈ నెలాఖరున నిర్ణయం తీసుకుంటుంది. పెద్ద కార్యక్రమం వద్దని మేము అనడం లేదు, అదీ ఎప్పుడో ఒకసారి చేసుకుందాం. ముందు ఈ ఆరు మధ్యాహ్నాలకు ఒప్పుకోమని మా విన్నపం. మీ అభిప్రాయం అనుకూలమైనా ప్రతికూలమైనా సమావేశానికి వచ్చి చెప్పండి.

ఈలోగా ఆ వ్యాను డ్రైవరు ఎవరో, ఎక్కడ ఉంటాడో తెలిసినవాళ్ళుంటే ఒక కబురు చెప్పండి. మొదటి శుక్రవారం అతని కోసం ముందు వరుసలో ఒక కుర్చీ పెడతాం. హార్మోనియం కొన్నాక దాని ముందు ఎవరిని కూర్చోబెట్టాలో కూడా అతన్నే అడుగుదామనుకుంటున్నాం.